కొండ ఎటు ఉంది? గృహరుణాల మనుషుల కోసం పన్నే వలలు

కొర్లగుంటలో ఒక ఇల్లు. రెండంతస్తులు, కొత్త సున్నం, గుమ్మానికి ఎండిన మామిడి తోరణం. మధ్యవర్తి తన బండి మీదే వాల్యుయర్‌ను (గృహరుణం ఇచ్చేముందు ఇంటికి విలువ కట్టే మనిషిని) ఎక్కించుకొచ్చి "ఇదే సార్, మన పార్టీ ఇల్లు" అన్నాడు. గేటు తీసే ఉంది. లోపలి నుంచి ఒక పెద్దావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వాల్యుయర్ టేపు పట్టి కొలతలు తీసుకున్నాడు, ఫొటోలు తీశాడు, బయలుదేరబోతూ ఒకసారి తలెత్తాడు. గేటుకు సూటిగా ఎదురుగా తిరుమల కొండ. చేతిలో ఉన్న దస్తావేజు చెక్కుబందీలో, అంటే హద్దుల వివరాల్లో మాత్రం తూర్పున 30 అడుగుల రోడ్డు, మిగిలిన మూడు వైపులా ఇతరుల ఇళ్లు అని ఉంది. తిరుపతిలో పెరిగినవాడికి దిక్సూచి అక్కరలేదు. ఊరికి కొండ ఉత్తరాన ఉంటుంది. కొండకేసి తెరుచుకునే గేటు ముందున్న రోడ్డు తూర్పు రోడ్డు ఎలా అవుతుంది?

అతను ఏమీ అనకుండా కరెంటు మీటరు దగ్గరికి వెళ్లి సర్వీసు నంబరు చూశాడు. ఫైలులోని బిల్లు మీద ఉన్న నంబరు వేరు. "ఈమధ్యే మీటరు మార్చారు సార్" అన్నాడు మధ్యవర్తి. మీటరు మారితే మీటరు నంబరు మారుతుంది, సర్వీసు నంబరు మారదు. ఆ మాటతో సంగతి తేలిపోయింది. అసలు ఆస్తి రెండు వీధుల అవతల ఉంది: ఒక ఖాళీ జాగా, అందులో రేకుల గది. మజ్జిగ ఇచ్చిన పెద్దావిడ అద్దెకుంటున్న మనిషి. ఇంటి పన్ను కొలతలకు మున్సిపాలిటీ నుంచి వస్తారని ఆమెకు ముందే చెప్పి ఉంచారట.

ఆ వాల్యుయర్ నా స్నేహితుడు. నేను ఇదే ఊళ్లో చాలా ఏళ్లు గృహరుణాల ఫైళ్లు చూసినవాణ్ణి. ఆ సాయంత్రం అతను ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు ఇద్దరం కూర్చుని ఒక్కొక్క కాగితం తిరగేశాం. దస్తావేజు నిజమైనది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, నిజమైనది. పన్ను రసీదు నిజమైనది. ఇల్లూ నిజమైనదే. ఆ కాగితాలకూ ఆ ఇంటికీ సంబంధం లేకపోవడం ఒక్కటే అబద్ధం.

మోసం అనగానే మనకు దొంగ ముద్రలు, దొంగ సంతకాలు గుర్తుకొస్తాయి. అవీ ఉంటాయి, కాని తెలివైనవాడు అంత శ్రమ పడడు. నాలుగు నిజాలను తప్పుగా జతచేసి మన ముందు పెడతాడు. అది చెల్లడానికి కారణం రుణం పాసయ్యే తీరులోనే ఉంది. ఏజెంటు ఫైలు తెస్తాడు, ఆఫీసరు ఆదాయం చూస్తాడు, ప్యానెల్ న్యాయవాది (సంస్థ తన జాబితాలో పెట్టుకున్న లాయరు) లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు చూస్తాడు, వాల్యుయర్ ఇల్లు చూస్తాడు, పైనున్నవారు ఈ ముగ్గురి సంతకాలు చూస్తారు. న్యాయవాది ఇంటికి వెళ్లడు. వాల్యుయర్ హక్కుల జోలికి పోడు. ఆఫీసరు ఇద్దరినీ నమ్ముతాడు. రాత్రిపూట తొట్టిలో చెంబెడు పాలు పోయమని రాజు చాటింపు వేయిస్తే, మిగతావాళ్లు పాలే పోస్తారులే అని ఊరంతా నీళ్లు పోసిన కథ మనందరికీ తెలుసు. రుణం ఫైలు అలాంటి తొట్టి. మోసగాడు ఏ ఒక్కరినీ పూర్తిగా మోసగించనక్కరలేదు. అందరికీ కొంచెం కొంచెం నమ్మకం కలిగిస్తే చాలు.

నేను ఆలస్యంగా నేర్చుకున్న సూత్రం ఒకటుంది. కాగితం తెచ్చినవాడు చూపిన దారిలో ఆ కాగితాన్ని సరిచూడకూడదు. ఇల్లు చూడాలంటే అతని బండి ఎక్కకూడదు. జీతం అడగాలంటే అతను ఇచ్చిన నంబరుకు ఫోను చేయకూడదు. ఈసీ కావాలంటే అతను తెచ్చిన ప్రతి చాలదు. వినడానికి ఇది తేలిక. నెలాఖరు సాయంత్రం, టార్గెట్‌కు ఇంకా 40 లక్షలు తక్కువ ఉన్నప్పుడు పాటించడం తేలిక కాదు. మోసం ఫైళ్లు నెలాఖరులోనే ఎక్కువగా రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఈసీ సంగతే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి ఉన్న లావాదేవీలకు ఎవరైనా ఈసీ తీసుకోవచ్చు. అందువల్ల ఫోర్జరీ ఈసీ పట్టుకోవడం ఇప్పుడు పెద్ద విద్య కాదు, మనమే మళ్లీ తీసుకుంటే సరిపోతుంది. చిక్కంతా ఏ లావాదేవీ లేదని చెప్పే నిజమైన నిల్ ఈసీతో. మనం అడిగిన వివరాలకు సరిపోయిన లావాదేవీలనే కంప్యూటరు చూపిస్తుంది. సర్వే నంబరులో 2ఏ బదులు 2 అని కొట్టినా, పాత డోరు నంబరు వదిలేసి కొత్తది ఒక్కటే ఇచ్చినా ఆస్తి మీదున్న తాకట్టు కనబడకుండా పోవచ్చు. తప్పు ప్రశ్న అడిగి సరైన జవాబు తెచ్చుకోవడమన్నమాట. కాబట్టి సర్వే నంబరు, పాత కొత్త డోరు నంబర్లు, ప్లాటు నంబరు, చెక్కుబందీ అన్నీ లింకు డాక్యుమెంట్ల నుంచి మనమే రాసుకుని, విడివిడిగా వెతకాలి.

ఈసీ శుభ్రంగా ఉన్నా అప్పు లేనట్టు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం అప్పుకు హామీగా హక్కుపత్రాలను రుణదాత చేతిలో పెట్టినా తనఖాయే. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పత్రాలు అప్పగించినట్టు రాసుకున్న మెమొరాండం రిజిస్టర్ చేయిస్తే ఈసీలో కనబడుతుంది, చేయించకపోతే కనబడదు. ఒకే ఆస్తిని మూడు బ్యాంకుల్లో పెట్టే మోసాలు ఒకప్పుడు విచ్చలవిడిగా సాగడానికి ఈ సందే కారణం. దాన్ని పూడ్చడానికే, బాకీ కట్టనివారి తనఖా ఆస్తిని బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండా స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 2011 మార్చి 31న సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ మొదలైంది. రుణమిచ్చిన సంస్థ తన తనఖాను అక్కడ నమోదు చేయాలి. నమోదు చేయనివాడికి సర్ఫేసీ కింద ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం ఉండదన్న నిబంధన 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చింది. వెతకడానికి నామమాత్రపు రుసుము. అయినా ఆస్తి పేరుతో ఒకసారి, మనిషి పేరుతో మరొకసారి వెతికే ఆఫీసర్లు ఎంతమంది? ఆస్తి వివరాలు ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా టైపు చేస్తుంది కనుక రెండూ అవసరం.

సెర్సాయ్ వచ్చాక మోసగాళ్లు కూడా పద్ధతి మార్చారు. ఇప్పుడు వాళ్ల ఆయుధం వేగం. ఒకే వారంలో మూడు నాలుగు చోట్ల దరఖాస్తు చేస్తారు. మొదటి రుణం నమోదయ్యేలోపు రెండోది, మూడోది చేతికి అందాలి. క్రెడిట్ బ్యూరోలకు (మనుషుల అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకు) వివరాలు పంపే గడువును రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి నెలకు బదులు పక్షానికి కుదించింది గాని, అలాంటి కొద్ది రోజుల గడువు కూడా వాళ్లకు ఎక్కువే. ఇక్కడ ఉపయోగపడేది క్రెడిట్ రిపోర్టులో చివర ఉండే ఎంక్వయిరీల పట్టిక. స్కోరు చూసి సంతోషించి అక్కడే ఆగిపోతాం. గత 10 రోజుల్లో ఐదు సంస్థలు అతని పేరు ఎందుకు అడిగాయో చూడం.

ఇక అసలు దస్తావేజు. కలర్ ప్రింటర్లు ఇప్పుడు ఎంత బాగా పనిచేస్తాయంటే ముందు వైపు చూసి మోసపోని మనిషి ఉండడు. నేను మొదట వెనక్కి తిప్పుతాను. పెన్నుతో పెట్టిన సంతకం ఒత్తిడి వేలికి తగలాలి. రబ్బరు ముద్ర సిరా కాగితంలోకి ఇంకి ఉండాలి, ప్రింటరు పొడి పైపైన మెరుస్తుంది. అనుమానం వస్తే దస్తావేజు నంబరుతో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి నకలు తెప్పించి పక్కపక్కన పెట్టి చదవాలి. అసలు పోయిందని, పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన చూపించి నకలు మీదే రుణం అడిగేవారి విషయంలో నేను కఠినుణ్ణే. నిజంగా పోగొట్టుకున్నవాళ్లకు అది అన్యాయమనిపించవచ్చు. కాని పోయిన దస్తావేజు చాలాసార్లు ఇంకొక బ్యాంకు బీరువాలో భద్రంగా ఉంటుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక గుర్తు చెబుతాను. తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు తిరుపతి ఆస్తి దస్తావేజులో చిత్తూరు జిల్లా అని ఉండాలి. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు ఆస్తులైతే నెల్లూరు జిల్లా. 2016లో రాసినట్టున్న దస్తావేజు షెడ్యూలులో "తిరుపతి జిల్లా" అని చూసిన రోజు నాకు నవ్వు ఆగలేదు. రాసినవాడు స్టాంపు కాగితం పాతది సంపాదించాడు, సిరా మసకబార్చాడు, కంప్యూటరులోని షెడ్యూలు మాత్రం మొన్నటి దస్తావేజు నుంచి ఎత్తి అతికించాడు. 2005 నాటి దస్తావేజులో ఆధార్ నంబరు కనబడితే కూడా ఇదే కథ. మొదటి ఆధార్ ఇచ్చిందే 2010లో. ఇలాంటి కాలవ్యత్యాసాలను పట్టుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు, నిదానంగా చదివితే చాలు. చదవడమే కరువు.

ధర విషయంలో ఒక విచిత్రం ఉంది. మన రాష్ట్రంలో అమ్మకం రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అందుకే కొనేవాళ్లు దస్తావేజులో ధర వీలైనంత తగ్గించి రాయిస్తారు. తప్పే, కాని అందరికీ తెలిసిన తప్పు. మరి ఒకడు ధర పెంచి రాయించి ఎక్కువ సుంకం సంతోషంగా కడుతున్నాడంటే? లెక్క వేసి చూడండి. 25 లక్షల ఇల్లు. అమ్మేవాడు, కొనేవాడు ఒకే ముఠా. ధర 60 లక్షలని రాశారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు గృహరుణం ఆస్తి విలువలో 80 శాతం దాకా ఇవ్వవచ్చు. అంటే 48 లక్షలు. సుంకాలకు నాలుగున్నర లక్షలు పోయినా, ఇల్లు చివరికి వేలంలో పోయినా, ముఠాకు 18 లక్షల పైచిలుకు మిగులుతుంది. రుణం పోను కొనేవాడు సొంతంగా పెట్టాల్సిన మార్జిన్ మనీ 12 లక్షలు చెల్లించినట్టు రసీదు ఉంటుంది. ఆ డబ్బు కొన్నవాడి ఖాతా నుంచి అమ్మినవాడి ఖాతాకు వెళ్లి, వారంలో మూడో ఖాతా గుండా తిరిగి మొదటికి వచ్చి ఉంటుంది. అమ్మినవాడి బ్యాంకు స్టేట్‌మెంటు కూడా అడగండి, ఈ గుట్టు అక్కడే బయటపడుతుంది. ఇంకొకటి: 50 లక్షలు, ఆపైన ధర ఉంటే కొనేవాడు ఆ ధరలోంచి 1 శాతం టీడీఎస్ పన్నుగా మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. నిజమైన కొనుగోలుదారు ఆ చలానా పెట్టుకుని తిరుగుతాడు. నటించేవాడు దాన్ని తరచుగా మరిచిపోతాడు.

తిరుపతి చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లలో చాలావాటికి యజమానులు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు. స్వామి ఊళ్లో ఒక జాగా ఉండాలన్న కోరికతో ఎప్పుడో కొని వదిలేసినవి. ఏళ్ల తరబడి ఎవరూ రాని ప్లాటు మోసగాడికి కనబడినంత తొందరగా యజమానికి కూడా గుర్తుకు రాదు. యజమానిగా ఒక మనిషిని నిలబెడతారు, లేదా యజమాని తన తరఫున పనులు చేయమని ఇచ్చే అధికారపత్రం, జీపీఏ చూపిస్తారు. జీపీఏ ద్వారా అమ్మకం హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. సరైన జీపీఏ ఉన్న ఏజెంటు యజమాని తరఫున అమ్మకం దస్తావేజు రాసివ్వవచ్చు, కాని యజమాని చనిపోతే ఆ అధికారం కూడా పోతుంది. యజమాని బతికున్నాడా అన్న ప్రశ్న మర్యాదగా ఉండదని మన ఆఫీసర్లు అడగరు. అడగాలి, వీడియో కాల్‌లో ముఖం చూడాలి, ఆ నంబరు కూడా ఏజెంటు ఇచ్చినది కాకూడదు. పాత దస్తావేజు మీదున్న ఫొటోను పక్కన పెట్టుకుని మాట్లాడండి.

22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులది), డీకేటీ పట్టాలు (ప్రభుత్వం అసైన్ చేసిన భూములవి), మఠం భూములు, దేవాదాయ భూముల గురించి ఈ జిల్లాలో పనిచేసేవారికి నేను చెప్పాల్సింది లేదు. ఒక్క మాట. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణతో 20 ఏళ్లు దాటినవాటికి ఫ్రీహోల్డ్ (అమ్ముకునే పూర్తి హక్కు) అవకాశం వచ్చింది, తర్వాత అక్రమాల ఆరోపణలతో ఆ రిజిస్ట్రేషన్లు ఆగాయి. ఫ్రీహోల్డ్ కాగితం చూపించినంత మాత్రాన కళ్లకద్దుకోకుండా నేటి స్థితి ఏమిటో రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనే అడగడం మేలు.

ఆదాయం కాగితాల్లో ఫోర్జరీ ఇప్పుడు పీడీఎఫ్‌లోనే జరుగుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక అంకె మారిస్తే ఆ తర్వాతి ప్రతి వరుసలో బ్యాలెన్సు మారాలి, బద్ధకస్తుడు అంత దూరం వెళ్లడు. మూడు చోట్ల కూడికలు వేసి చూస్తే దొరికిపోతాడు. తెలివైనవాడు నిజమైన జమలే చేయిస్తాడు: ఏదో కంపెనీ పేరుతో ప్రతి నెలా 1వ తేదీన 62,000 పడుతుంది, 3వ తేదీకల్లా ఏటీఎం నుంచి మొత్తం తీసేస్తారు, మళ్లీ వచ్చే నెల అదే డబ్బు జీతమై వస్తుంది. జీతగాడి ఖాతాలో పాలవాడికి, పిల్లల ఫీజుకు, గ్యాసుకు చిల్లర చెల్లింపులు ఉంటాయి. ఈ ఖాతాలో మనిషి బతుకుతున్న జాడే ఉండదు. జీతం మీద కోసిన పన్నుకు యజమాని ఇచ్చే ఫారం 16 ఎంత అందంగా ఉన్నా, దాన్ని ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఫారం 26ఏఎస్‌తో, అంటే అతని పేరున నిజంగా జమైన పన్నుల పట్టికతో సరిపోల్చాలి. దరఖాస్తుదారు మన ఎదుటే లాగిన్ అయి చూపించాలి. పీఎఫ్ పాస్‌బుక్‌కూ అంతే. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో ఉద్యోగమంటే కంపెనీ లెటర్‌హెడ్ మీదున్న నంబరును పక్కన పెట్టి, మనకు మనమే వెతికి పట్టుకున్న నంబరుకు చేయాలి. లెటర్‌హెడ్ నంబరుకు చేస్తే "హెచ్ఆర్ మాట్లాడుతున్నాను" అని చక్కని గొంతు పలుకుతుంది. ఆ గొంతు యజమాని చాలాసార్లు మనం టీ తాగే కొట్టు దగ్గరే ఉంటాడు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది టేకోవర్. పాత బ్యాంకులోని రుణాన్ని కొత్త సంస్థ తీర్చి దస్తావేజులు తెచ్చుకుంటుంది. పెద్ద మొత్తం ఒకేసారి కదిలేది ఇక్కడే. పాత బ్యాంకు ఇచ్చినట్టుగా ఫోర్‌క్లోజర్ లెటర్ వస్తుంది, బాకీ 31 లక్షల చిల్లర, ఫలానా ఖాతాకు పంపండి అని. లేదా నిజమైన లెటర్ వచ్చిన మరునాడు "ఖాతా నంబరు మారింది, గమనించగలరు" అని మెయిల్. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరు చూసి వెళుతుంది. మనం రాసిన పేరు ఆ ఖాతా పేరుతో కలిసిందా లేదా అని యంత్రం చూడదు. ఈ సంగతి బ్యాంకింగ్‌లో ఉన్నవాళ్లలోనే చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ నుంచి పంపేముందు ఖాతాదారు పేరు కనబడే సౌకర్యం వచ్చింది. ఆ పేరు చదవడానికి పట్టే ఐదు సెకన్లు 31 లక్షలకు బీమా. బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవడానికి 2025 అక్టోబరు 31 గడువుగా పెట్టారు కనుక, మెయిల్ చిరునామా చివర ఏముందో చూడటం కూడా ఇప్పుడు ఉపయోగపడే పనే. అయినా ఖాతా నంబరు మారిందన్న కబురు ఏ రూపంలో వచ్చినా నేను పాత బ్యాంకు శాఖకు మనిషిని పంపుతాను. చిత్తూరు అయితే గంటన్నర ప్రయాణం. పోతే పోయింది.

డబ్బు సరైన చోటికే చేరినా టేకోవర్‌లో ఇంకొక గుంట ఉంది. అప్పు తీరాక 30 రోజుల్లో హక్కుపత్రాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి నిబంధన ఉంది. రుణగ్రహీతకు అది వరం. కాని పాత బ్యాంకు ఆ తొందరలో దస్తావేజులను కొత్త సంస్థకు బదులు నేరుగా ఆయన చేతికే ఇచ్చేస్తే, అవి మన దాకా రాకుండా మరో చోట తనఖాకు కూర్చుంటాయి. పత్రాలు తీసుకునే రోజు మన మనిషి అక్కడ ఉండాలి, ఉంటాడని పాత బ్యాంకుకు ముందే రాతపూర్వకంగా తెలిపి ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పినవి సంస్థ డబ్బుకు గురిపెట్టినవి. మనిషికే గురిపెట్టేవి వేరు. వాటిలో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఫైళ్లు తెచ్చే కొత్త మిత్రుడు. మొదటి మూడు ఫైళ్లు నిఖార్సయినవి. కాగితాలు వరుసగా కుట్టి ఉంటాయి, ఫోను చేస్తే పలుకుతారు, కిస్తీలు తేదీకి పడతాయి. వినాయక చవితికి స్వీటు డబ్బా వస్తుంది, మీ అమ్మాయి పుట్టినరోజు అతనికి గుర్తుంటుంది. నాలుగోదో ఐదోదో అసలు ఫైలు. దానిలో ఏదో తేడా కనిపించి మీరు తటపటాయిస్తే అతను బతిమాలడు, మొదటి మూడూ గుర్తుచేస్తాడు. పోలీసులు వచ్చిన రోజున ఆ స్వీటు డబ్బా ఫొటో, మీరు పంపిన కృతజ్ఞతల వాట్సాప్ సందేశం అతని ఫోనులో భద్రంగా ఉంటాయి. నేను చూసిన ఒక యువ ఆఫీసరు పైసా తీసుకోలేదు, కాని తీసుకోలేదని నిరూపించుకోవడానికి రెండేళ్లు పట్టింది. మంచి ఫైళ్లు తెచ్చినంత మాత్రాన ఎవరి ఫైలుకూ తనిఖీ తగ్గించకూడదని ఆ పిల్లవాడికి ముందే చెప్పి ఉండాల్సింది. నేనే చెప్పలేదు.

డీఎస్ఏలకు, అంటే బ్యాంకులకు రుణం ఫైళ్లు తెచ్చే ఏజెంట్లకు ఎదురయ్యేవి చిన్నవిగా కనబడతాయి కాని ఇంటిని ముంచుతాయి. వాళ్ల వృత్తే అపరిచితుల నుంచి ఫైళ్లు అందుకుని తెరవడం. "నా డాక్యుమెంట్లు" అన్న పేరుతో వచ్చినదాని చివర ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, ఫోనులో కూర్చునే దొంగ. తెరిచి, ఇన్‌స్టాల్ అన్నచోట నొక్కితే సందేశాలు, ఓటీపీలు అన్నీ అవతలివాడికి కనబడతాయి. గంటలో ఏజెంటు వాట్సాప్ నుంచి అతని ఖాతాదారులందరికీ "ప్రాసెసింగ్ ఫీజు 5,900 వెంటనే పంపండి" అని వెళుతుంది. పంపేది అతని పేరు మీదున్న నమ్మకంతో కాబట్టి పంపినవాళ్లు వచ్చి తలుపు తట్టేది కూడా అతని ఇంటిదే. ఖాతాదారుల పత్రాలకు ఒక విడి ఫోను, అందులో బ్యాంకు యాప్ ఏదీ లేకుండా పెట్టుకోవడం నేను చూసిన మంచి అలవాటు.

కొత్త బ్యాంకులో ఏజెంటు కోడ్ ఇప్పిస్తామని డిపాజిట్ అడిగేవారు, రుణం కావాల్సినవారి జాబితాలు అమ్ముతామనేవారు, రీజినల్ మేనేజరు ఫొటో పెట్టుకుని "మీటింగులో ఉన్నాను, అర్జంటుగా ఇంత పంపు" అనేవారు, డిజిటల్ అరెస్టు అని బెదిరించేవారు, వీళ్లందరి గురించి పేపర్లలో రోజూ వస్తూనే ఉంది. డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలోనే లేదు. ఆర్థిక సంస్థల సేవా కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలన్నది కొత్త పద్ధతి. ఇక్కడ ఆగకుండా ముందుకు పోదాం.

ఆగాల్సింది ట్రస్టు ఫండు దగ్గర. పుణ్యక్షేత్రం కావడం వల్లనేమో, ఈ కథ ఇక్కడ బాగా అమ్ముడుపోతుంది. ఏదో పెద్ద ట్రస్టు దగ్గర లెక్కలో చూపించాల్సిన డబ్బు మూలుగుతోందట, కాలేజీలకు ఆసుపత్రులకు 4 శాతం వడ్డీకి 50 కోట్లు ఇస్తారట, పార్టీని తెచ్చిన మధ్యవర్తికి 2 శాతమట. అంటే కోటి. ఆ కోటి లెక్క వేసుకున్న క్షణంలో ఏజెంటు మెదడు పనిచేయడం మానేస్తుంది. స్టార్ హోటలులో మీటింగు, మెడలో రుద్రాక్షలు, పక్కన గన్‌మన్‌లాంటి మనిషి. రుణ ఒప్పందానికి స్టాంపు ఖర్చు మాత్రం ముందుగా నగదుగా తేవాలి, 30 లక్షలో 50 లక్షలో. అది అందిన మరునాడు ట్రస్టూ లేదు, రుద్రాక్షలూ లేవు. పార్టీకి పోయింది డబ్బు. తెచ్చి పరిచయం చేసిన ఏజెంటుకు పోయేది ఊళ్లో ముఖం, ఒక్కోసారి స్వేచ్ఛ కూడా, ఎందుకంటే ఫిర్యాదులో మొదటి పేరు తెలిసిన మనిషిదే ఉంటుంది. రుణమిచ్చేవాడు తన ఖర్చులను ఇచ్చే రుణంలోంచి మినహాయించుకోగలడు. అలా కాకుండా ముందు నగదు చేతిలో పెట్టమన్నవాడి దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు.

మోసం జరిగిపోయిందని తెలిస్తే మొదటి గంట ఖరీదైనది. డబ్బు బదిలీ అయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను, అదే సమయంలో డబ్బు చేరిన బ్యాంకుకు మన సంస్థ నుంచి కబురు. అక్కడి నుంచి ఇంకా కదలకపోతే నిలుపుదల చేస్తారు. మన పరువు ఏమవుతుందోనని ముందు పైవాళ్లకు, ఆపై పైవాళ్లకు మెయిళ్లు రాస్తూ కూర్చుంటే ఆ గంట అయిపోతుంది.

తర్వాత వచ్చేది బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. 2024 జులై 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మోసాల నియంత్రణ ఆదేశాల ప్రకారం బ్యాంకు సిబ్బంది బాధ్యతను పరిశీలించాలి. మోసంలో పాత్ర ఉన్న న్యాయవాదులు, వాల్యుయర్ల వంటి బయటివాళ్ల వివరాలు బ్యాంకుల సంఘానికి వెళతాయి. ఆ సంఘం హెచ్చరిక జాబితాలో పేరు పడితే ప్యానెల్‌లో చోటు దొరకడం కష్టం. అలాగని పొరపాటు చేసిన ప్రతివాడూ నేరస్థుడు కాడు. హైదరాబాదులోని ఒక బ్యాంకు శాఖ ఇచ్చిన గృహరుణాల్లో మోసం జరిగితే, లీగల్ ఒపీనియన్ ఇచ్చిన ప్యానెల్ న్యాయవాదిని కూడా కుట్రదారుగా సీబీఐ చేర్చింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కుట్రలో పాలు పంచుకున్నట్టు ఆధారం లేకుండా, కేవలం అభిప్రాయం తప్పయిందని నేరం మోపలేరని 2012లో కోర్టు చెప్పింది. నిర్లక్ష్యానికి వృత్తిపరంగా జవాబు చెప్పుకోవాల్సి రావచ్చని కూడా అంది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తేల్చేవి చాలాసార్లు మనం ఆ రోజు రాసి పెట్టిన మాటలే.

ఒక మార్చి 30 సాయంత్రం నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. అన్నీ ఉన్నాయి. దరఖాస్తుదారును ఫోనులో రెండు ప్రశ్నలు అడిగితే రెండింటికీ మధ్యవర్తే జవాబు చెప్పాడు. నోట్ షీటు మీద ఇలా రాశాను: "దరఖాస్తుదారు నేరుగా మాట్లాడలేదు. ఇంటికి స్వయంగా వెళ్లి కలిసిన తర్వాతే ముందుకు." మా మేనేజరు మొహం మాడ్చుకున్నారు. మధ్యవర్తి మరునాడే ఫైలు వెనక్కి తీసుకుపోయాడు, అది వేరొక చోట పాసయింది, ఊళ్లో నా పేరు చాదస్తుడుగా కొన్నాళ్లు చలామణీ అయింది. రెండున్నరేళ్ల తర్వాత విచారణకు వచ్చిన అధికారి మా రికార్డు గదిలో ఆ నోట్ షీటు వెతికించాడు. ఆ రెండు వాక్యాలూ చదివి, తేదీ చూసి, జిరాక్సు తీయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. నన్ను వేరే ప్రశ్న అడగలేదు.